ముహూర్తం పెట్టేది ఎవరు?

పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున్న, పద్మారావునగర్‌లోని మా ఇంటికి మా అక్క, అక్కతో పాటు ఆవిడ వియ్యపురాలుగారు, వెనకాల ఆయాసపడుతూ నిండు చూలాలు అక్క కూతురు వచ్చారు. కాఫీలు అయ్యాయి. వియ్యపురాలుగారు చేతిసంచీలోంచి నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం ఒకటి తీసి బల్లమీద పెట్టారు. ఎవరి పెళ్లి శుభలేఖో అనుకుని చేతిలోకి తీసుకున్నాను. పెళ్లి కాదు. పుట్టబోయే బిడ్డకు మూడు ముహూర్తాలు! తిథి, నక్షత్రం, లగ్నం అన్నీ వరసగా రాసి వున్నాయి.

"మొదటిది ఈ బుధవారం పొద్దున తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకండీ. దివ్యమైన లగ్నమట. అది దాటితే మళ్లీ పదిహేను రోజులదాకా అంత మంచిది లేదన్నారు సిద్ధాంతిగారు. మీరు చదువుకున్నవారు, నవలలు రాసేవారు. మీరు కూడా ఓ మాట చెబితే పిల్ల ధైర్యంగా వుంటుంది," అన్నారావిడ.

నేను పిల్ల ముఖం వైపు చూశాను. "నువ్వేమంటావు పిన్నీ?" అంది, సోఫాలో ఓ దిండు నడుము వెనక పెట్టుకుంటూ. ఆ బుధవారానికి దానికి 37 వారాల 4 రోజులు నిండుతాయి. పిల్లకు బీపీ లేదు, షుగరు లేదు, బిడ్డ తల కిందికే వుంది. తొందరేమీ లేదు, ఒక్క లగ్నానికి తప్ప.

అప్పటికప్పుడు నాకు నోట మాట రాలేదు. ఎందుకు రాలేదో మీకు చెప్పాలి. 2006లో మా చిన్నవాడు కూడా ఇలాగే ఒక కాగితం మీద పుట్టాడు. అప్పుడు నాకూ 37 వారాలే. మా పెద్దవాళ్లు లగ్నం చూశారు, ఆస్పత్రివాళ్లు సరేనన్నారు, నేను కిమ్మనలేదు. అనుకున్న నిమిషానికే బిడ్డను తీశారు. తీసిన అరగంటకల్లా వాడి చిట్టి డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగిరెగిరి పడ్డాయి. నాలుగు రోజులు అద్దాలపెట్టెలో, ముక్కులో గొట్టంతో వున్నాడు. "ఊపిరితిత్తుల్లో నీరు సరిగా ఇంకలేదమ్మా, సర్దుకుంటుంది," అన్నారు. సర్దుకుంది కూడా. వాడిప్పుడు కాలేజీకి బైకు మీద రివ్వున వెళతాడు. కానీ ఆ నీరు ఎందుకు ఇంకలేదో అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గొప్ప జాతకం రాయించాం గనక, అడిగే మొహం లేకపోయింది.

"రెండు రోజులు ఆగండి, చదివి చెబుతాను," అన్నాను. నేను చదివింది బి.ఏ. చరిత్ర. వైద్యం నాకేం తెలుసు? అయినా ఏ సంగతికైనా ఒక చరిత్ర వుంటుంది కదా, అటునుంచి నరుక్కొద్దామనుకున్నాను.

ముహూర్తం కట్టి బిడ్డను కనాలనే కోరిక కొత్తదేమీ కాదు. రావణాసురుడి కథ మీకు తెలిసిందే. మండోదరికి నెలలు నిండినప్పుడు నవగ్రహాలనూ పిలిచి, నా కొడుకు పుట్టేవేళకు మీరందరూ పదకొండో ఇంట కూర్చోవాలని హుకుం జారీ చేశాడట. అందరూ కూర్చున్నారు. శని మాత్రం చివరి క్షణంలో ఒక కాలు పన్నెండో ఇంట్లోకి చాపాడట. ఇంద్రజిత్తు అంతటివాడు పుట్టినా, ఆ కాలే వాడి ప్రాణం తీసిందని మా అమ్మమ్మ చెప్పేది. గ్రహాలను శాసించిన రావణుడు కూడా కాన్పును ముందుకు జరపలేదు, గ్రహాలనే జరిపాడు! మనం అంతకన్నా ఘనులం.

ఇక అసలు చరిత్రకు వస్తాను. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన జంటనగరాలదే. సికింద్రాబాదు అనగానే మనకు రోనాల్డ్ రాస్ దొర గుర్తొస్తాడు. 1897లో బేగంపేటలో దోమ కడుపులో మలేరియా జాడ కనిపెట్టాడని పిల్లలకు బళ్లో చెబుతారు. దానికి ఎనిమిదేళ్ల ముందు ఇక్కడే జరిగిన మరో పరిశోధనను మాత్రం మరిచిపోయాం. అదే క్లోరోఫాం కమిషన్.

ఎడింబరోలో సింప్సన్ అనే ప్రసూతి డాక్టరు 1847లో పురిటి నొప్పులు తెలియకుండా క్లోరోఫాం ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆడది నొప్పులు పడాలన్నది దైవశాసనమని పెద్దలు గోల పెట్టారు. 1853లో విక్టోరియా రాణీ ఎనిమిదో కాన్పుకు జాన్ స్నో అనే డాక్టరు చేత క్లోరోఫాం పీల్చేసరికి గోల సద్దుమణిగింది. రాణీగారు చేసిన పని తప్పని ఎవరంటారు? కానీ ఒక భయం మాత్రం పోలేదు. ఆరోగ్యంగా వున్న మనిషి క్లోరోఫాం రెండు గుక్కలు పీల్చగానే ఉన్నట్టుండి ప్రాణం విడవడం అక్కడక్కడా జరుగుతూనే వుంది. ముందు ఆగేది ఊపిరా, గుండెా? దీనిమీద డాక్టర్లు రెండు జట్లుగా చీలిపోయారు.

హైదరాబాదు రెసిడెన్సీలో సర్జనుగా వున్న ఎడ్వర్డ్ లారీ ఊపిరి జట్టువాడు. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు క్లోరోఫాం ఏమీ చెయ్యదని అతని నమ్మకం. అది రుజువు చెయ్యడానికి ఆరో నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించాడు. 1888లో మొదటి కమిషన్, 1889లో రెండోది. లండనులోని లాన్సెట్ పత్రిక తన తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరును పంపితే, ఆయన రాకపోకలకు నిజామే వెయ్యి పౌన్లు ఇచ్చాడు. నాలుగు వందలకు పైగా కుక్కలకు, కోతులకు, ఇతర జంతువులకు మత్తు ఇచ్చి చూసి, లారీ చెప్పిందే నిజమని, ముందు ఆగేది ఊపిరేనని తీర్పు చెప్పారు.

ఆ రోజుల్లోనే లారీ దగ్గర చదువుకున్న పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు ఆడపిల్లల్లో ఒకతె. 1889లో చదువు పూర్తి చేసి, క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా పెట్టుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనని చెబుతారు. పరదాల రోజుల్లో మన ఊరి ఆడపిల్ల ఒకతె అంత పని చేసిందంటే, నాకైతే చదువుతూంటే ఒళ్లు పులకరించింది.

అయితే హైదరాబాదు తీర్పు తప్పయింది. ఆ తప్పు కోసమే మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చాను. ఆ సంగతి 1911లో లండనులో గుడ్‌మన్ లీవీ అనే డాక్టరు బయటపెట్టాడు. పిల్లికి తేలిగ్గా క్లోరోఫాం ఇచ్చి, ఆ మత్తులో కాస్త అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి, వణికి, ఆగిపోయింది. ఊపిరి కంటే ముందే! అంటే, మత్తు పూర్తిగా పట్టకముందు భయంతో బెదిరిపోయిన మనిషి ఒంట్లో ఊరే రసమే క్లోరోఫాంతో కలిసి గుండె ఆపేది. 1889లో హైదరాబాదులో అంతమంది పెద్దలు కూర్చున్నా, వాళ్ల లెక్కలో అడ్రినలిన్ లేదు. వుండటానికి వీల్లేదు కూడా. మూత్రపిండాల నెత్తిమీద టోపీల్లా వుండే చిన్న గ్రంథుల్లో అలాంటి రసం ఒకటి వుందని లోకానికి తెలిసింది మరో ఐదారేళ్లకు. దాన్ని శుద్ధిచేసి చేతికిచ్చింది 1901లో జపాను శాస్త్రజ్ఞుడు తకమినే.

ఆ తరువాత అడ్రినలిన్‌కు భయానికీ, కోపానికీ పుట్టే రసమని చెడ్డపేరు వచ్చింది. 1936 నుంచి మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే డాక్టరు ఒంటి మీద పడే ఒత్తిడి గురించి రాయడం మొదలుపెట్టాక, ఆ గ్రంథుల నుంచే వచ్చే కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా దానికి తోడయింది. ఇవాళ ఎవరినడిగినా స్ట్రెస్ హార్మోనులంటే ఒంటికి చేటు అంటారు. మరి బిడ్డకు? పుట్టేటప్పుడు గంటల తరబడి గర్భసంచి నలిపే నలుపుకు బిడ్డ ఎంత అల్లాడిపోతుందో, అంత బాధ ఎందుకు, పది నిమిషాల్లో కోసి తీసేస్తే హాయి కదా అని మా వియ్యపురాలుగారే కాదు, నేనూ ఒకప్పుడు అనుకున్నాను.

మనిషి నొప్పిని తగ్గించడంతో ఆగలేదు. నొప్పులను తెప్పించడం కూడా నేర్చుకున్నాడు. మన అమ్మమ్మల కాలంలో నెలలు దాటితే గరిటెడు ఆముదం తాగించేవారు. అమెరికాలో 1808లో జాన్ స్టెర్న్స్ అనే డాక్టరు, రై ధాన్యానికి పట్టే ఒక బూజును మంత్రసానుల దగ్గర నేర్చుకుని వాడి, గంటల కాన్పు నిమిషాల్లో అవుతోందని రాశాడు. మన సజ్జకంకులకు పట్టే తేనెబంక తెగులుకు అది దగ్గరి చుట్టం. కొన్నేళ్లకే దానివల్ల పోయిన పిల్లలను లెక్కపెట్టి, అది కాన్పు పొడి కాదు, చావు పొడి అని హోసాక్ అనే డాక్టరు మొత్తుకున్నాడు.

తరువాత 1906లో లండనులో హెన్రీ డేల్, మెదడు అడుగున శనగగింజంత వుండే పిట్యూటరీ గ్రంథి రసం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని పిల్లిలో చూశాడు. 1909 కల్లా బ్లెయర్ బెల్ దాన్ని ఆడవాళ్లకు ఇచ్చి చూశాడు. ఒకేసారి ఎక్కువ ఇవ్వడం వల్ల గర్భసంచి చిరిగిన కేసులూ వచ్చాయి. 1948లో థియోబాల్డ్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని బాగా పల్చన చేసి, సెలైనులో చుక్కలు చుక్కలుగా ఎక్కించాడు. అదే ఇవాళ మనమందరం "నొప్పుల డ్రిప్పు" అంటున్నది. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో ఆ ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలోనే తయారుచేశాడు. 1955లో నోబెల్ బహుమతి తెచ్చుకున్నాడు. ఇక కాన్పు గడియారం డాక్టరు చేతికి వచ్చినట్టే అనుకున్నారు.

అప్పుడే న్యూజీలాండులో ఒకాయన, అసలు ఆ గడియారానికి తాళం చెవి తిప్పేది ఎవరని అడిగాడు. ఆక్లండులోని మాంట్ లిగ్గిన్స్. ఆ దేశంలో మనుషులకంటే గొర్రెలెక్కువ. 1960లలో ఆయన గర్భంలో వున్న గొర్రెపిల్ల పిట్యూటరీని పనిచెయ్యకుండా చేసి చూశాడు. తల్లి ఈనలేదు! నెలలు నిండినా మోస్తూనే వుంది. అదే గొర్రెపిల్లకు కార్టిసాల్ ఎక్కిస్తే నెలలు నిండకుండానే ఈనింది. అంటే గొర్రె ఈనే వేళ నిర్ణయించేది తల్లి కాదు, కాపరి కాదు, కడుపులోని పిల్ల! పిల్ల పక్వానికి వచ్చి, తన ఒంట్లో కార్టిసాల్ పెంచుకుని, "అమ్మా, ఇక నేను సిద్ధం" అని కబురు పంపుతుందన్నమాట.

ఒక పొద్దున లిగ్గిన్స్ వెళ్లేసరికి, బతకడానికి వీల్లేనంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఒకటి ఊపిరి పీలుస్తూ కనిపించింది. కార్టిసాల్ దాని ఊపిరితిత్తులను రోజుల్లో పండించింది. ఆ దారినే వెళ్లి, నెలలు నిండకుండా కనబోయే తల్లులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డలు ఎక్కువమంది బతుకుతారని 1972లో లిగ్గిన్స్, హోవీ చూపించారు. ఇవాళ మన పెద్దాసుపత్రుల్లో ఏడో నెలలో నొప్పులొచ్చిన తల్లికి ఇచ్చే సూది అదే. మనుషుల్లో సంగతి గొర్రెల్లోలా అంత సూటిగా వుండదు; మాయ, తల్లి, బిడ్డ ముగ్గురూ కలిసి మాట్లాడుకుంటారు. కానీ ఆ మాటల్లో బిడ్డ గొంతు కూడా వుంది. చివరి వారాల్లో మన బిడ్డల రక్తంలోనూ కార్టిసాల్ పెరుగుతూ వస్తుంది.

ఇక నా చిన్నవాడి నీటి సంగతి. దానికి జవాబు నాకు స్వీడన్‌లో దొరికింది. స్టాక్‌హోంలో హ్యూగో లాగర్‌క్రాంట్స్ అనే పిల్లల డాక్టరు, అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలో అడ్రినలిన్, దాని తోబుట్టువు నారడ్రినలిన్ ఎంత వున్నాయో కొలిచాడు. అమెరికాలోని స్లాట్‌కిన్‌తో కలిసి 1986లో ఆ కథంతా రాశాడు. నొప్పులు పడి పుట్టిన బిడ్డల రక్తంలో ఆ హార్మోనులు, ఒళ్లు విరిగేలా పనిచేసే పెద్దవాళ్లలోకంటే ఎక్కువగా వున్నాయి! అవి చూసి మొదట ఎవరైనా బెంబేలు పడతారు. కానీ ఆ బిడ్డలు హాయిగా, గులాబీరంగులో, కళ్లు విప్పుకుని చూస్తున్నారు. నొప్పులే మొదలవకుండా కోసి తీసిన బిడ్డల్లో మాత్రం ఆ హార్మోనులు బాగా తక్కువ.

అవి చేసే పని ఏమిటంటారా? కడుపులో వున్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు వుంటుంది, ఊపిరితిత్తులే దాన్ని ఊరిస్తాయి. అడ్రినలిన్ పొంగగానే ఊరడం ఆగి, ఇంకడం మొదలవుతుంది. గాలితిత్తులు అంటుకుపోకుండా పూసే జిగురులాంటి పదార్థం విడుదలవుతుంది. కాలేయంలో దాచుకున్న చక్కెర బయటికొస్తుంది, బొడ్డు కోశాక పాలు పడేదాకా అదే బిడ్డకు కట్టిచ్చిన సద్దిమూట. వీపు మీది ప్రత్యేకమైన కొవ్వు కరిగి ఒళ్లు వెచ్చబడుతుంది. రక్తం గుండెకూ, మెదడుకూ మళ్లుతుంది. కంటిపాపలు విచ్చుకుంటాయి, అందుకే పుట్టిన తొలి గంటలో పసివాళ్లు అంత తేరిపార చూస్తారు. మా చిన్నవాడికి ఎవరూ ముందు కబురు పంపలేదు. నిద్రపోతున్నవాణ్ణి లేపి పరుగెత్తమన్నట్టు, నీరు ఇంకకముందే గాలిలోకి తెచ్చాం.

ఇది నా ఊహ కాదు. డెన్మార్కులో ఆర్హుస్ నగరంలో 34 వేల పైచిలుకు కాన్పులు చూసి 2008లో లెక్క తేల్చారు. నొప్పులు రాకుండా ముందే అనుకుని ఆపరేషను చేస్తే, బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం మామూలు కాన్పు కోసం ఆగినవాళ్లతో పోలిస్తే 37వ వారంలో దాదాపు నాలుగు రెట్లు, 38వ వారంలో మూడు రెట్లు, 39వ వారంలో దాదాపు రెండు రెట్లు. చాలామంది పిల్లలు మావాడిలాగే తేరుకుంటారు. కానీ వారం తిరిగేసరికి ముప్పు అంతంత తగ్గుతూ వుందంటే, ఆ వారం బిడ్డ వూరికే కూర్చోలేదన్నమాట!

మరి డ్రిప్పు పెట్టి తెప్పించిన నొప్పుల మాటేమిటి? ఇక్కడ నేను కాస్త తగ్గి మాట్లాడాలి. మందుతో మొదలైనా, తనంతట మొదలైనా, నొప్పులు నొప్పులే. గర్భసంచి బిగిసినప్పుడల్లా బిడ్డ తల నొక్కుకుని, ప్రాణవాయువు కాస్త తగ్గి, ఆ హార్మోనులు ఊరతాయి. అంచేత డ్రిప్పు కాన్పు బిడ్డకు ఆ తర్ఫీదు దక్కకపోదు. తేడా అంతా మోతాదులోనూ, వేళలోనూ వుంది. సహజంగా వచ్చే నొప్పి అలలా వచ్చి, బిడ్డకు ఊపిరి తీసుకునే విరామం ఇచ్చి, మళ్లీ వస్తుంది. డ్రిప్పు జోరు ఎక్కువై పది నిమిషాల్లో అయిదుకు మించి నొప్పులు వస్తే ఆ విరామం వుండదు. అప్పుడు పొంగే హార్మోను బిడ్డను సిద్ధం చేసే హార్మోను కాదు, బిడ్డ పెట్టే కేక. అందుకే డ్రిప్పు పెట్టినప్పుడు పక్కనే కూర్చుని బిడ్డ గుండె చప్పుడు వినే మనిషి వుండాలి. కేక వినబడితే డ్రిప్పు తగ్గించాలి, ఆపాలి.

బీపీ పెరిగినా, షుగరు వున్నా, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా, నెలలు దాటిపోయినా, బిడ్డ ఎదుగుదల ఆగినా, డాక్టరు నొప్పులు తెప్పిస్తానంటే కాదనకూడదు. అమెరికాలో తొలిచూలు తల్లులు 6,106 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 39వ వారంలో నొప్పులు తెప్పించి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో, బిడ్డలకు నష్టమేమీ పెరగలేదు సరికదా, ఆపరేషన్లు నూటికి 22.2 నుంచి 18.6కు తగ్గాయి. కాబట్టి డ్రిప్పు శత్రువు కాదు. వారాలు నిండకుండా, కారణం లేకుండా, పంచాంగం చూసి చేసే తొందరతోనే పేచీ అంతా.

ఆ తొందర మన దగ్గర ఎంతుందో చూస్తే గుండె గుభేలుమంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5! దేశం మొత్తానికి చూస్తే 21.5 మాత్రమే. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నూటికి పది, పదిహేను దాటవలసిన అవసరం ఏ ప్రాంతంలోనూ లేదంది. ఇవన్నీ ముహూర్తాలవల్లే అనను. నొప్పులంటే భయం, డాక్టర్ల తీరిక, కోర్టు కేసుల జంకు, బిల్లులు, మొదటిది ఆపరేషనయితే రెండోదీ అదే కావడం, ఇన్ని వున్నాయి. కానీ ముహూర్తాల కోసం ఆపరేషన్లు చేయించుకోవద్దని 2022లో సాక్షాత్తూ ఆరోగ్యమంత్రి చెప్పవలసి వచ్చిందంటే, ఆ పసుపు కాగితాలు ఎన్ని ఇళ్ల బల్లలమీద వున్నాయో వూహించుకోండి. మరోపక్క, కాన్పు దగ్గర ఓపిగ్గా కూర్చునే మనుషులను తయారుచేసే పనీ మొదలైంది. హైదరాబాదులో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ తమ ఆస్పత్రిలో చాన్నాళ్లుగా చేస్తున్న మిడ్‌వైఫుల శిక్షణను, 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం కూడా తన నర్సులకు ఇప్పించడం మొదలుపెట్టింది. పోగొట్టుకున్న మంత్రసానిని మనం చదువు చెప్పి మళ్లీ తెచ్చుకుంటున్నామన్నమాట.

మంగళవారం నేనే అక్క ఇంటికి వెళ్లాను. ఈ చరిత్రంతా చెబితే వియ్యపురాలుగారు వింటారా అని లోపల దడే. అందుకే ముందు మా చిన్నవాడి నాలుగు రోజుల కథ చెప్పాను. అన్నేళ్ల తరువాత మొదటిసారి పైకి చెప్పానేమో, మధ్యలో నా గొంతు నాకే వినిపించలేదు. తరువాత మా అమ్మమ్మ మాట చెప్పాను. మా అమ్మ పుట్టింది సికింద్రాబాదు స్టేషను దగ్గర కింగ్ ఎడ్వర్డ్ ఆస్పత్రిలో; తరువాత గాంధీ ఆస్పత్రి అయింది అదే. నెలలు నిండి పది రోజులు దాటినా నొప్పులు రాలేదని ఇంటిల్లిపాదీ గాభరాపడితే, అమ్మమ్మ ఒక్కతే, "దోసపండు పండితే తొడిమ అదే వదులుతుంది, లాగితే తీగ తెగుతుంది," అందట.

వియ్యపురాలుగారు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆ లగ్నం పోయినట్టేనా?" అన్నారు చివరికి, బంగారం పోగొట్టుకున్నట్టు. "అదేం లేదండీ, బిడ్డ తన లగ్నం తను చూసుకుంటుంది. సిద్ధాంతిగారిచేత మీరు తరువాత రాయించండి," అన్నాను. మర్నాడు డాక్టరమ్మను అడిగితే, "నేనూ ఆగుదామనే అంటానమ్మా, మీ వాళ్లే తొందరపడితే కాదనలేకపోయాను," అంది. ఎవరికి వారు అవతలివాళ్ల కోసమే తలూపుతున్నారన్నమాట!

బుధవారం తొమ్మిది పన్నెండు వచ్చి వెళ్లిపోయింది. పిల్ల ఆ వేళకు ఉప్మా తింటోంది. మరో రెండు వారాలు గడిచాయి, మూడో వారం కూడా వచ్చింది. ఒక గురువారం రాత్రి ఉమ్మనీరు పోయింది. నొప్పులు మాత్రం రాలేదు. ఎదురుచూసి చూసి, తెల్లవారుజామున డాక్టరమ్మ డ్రిప్పు పెట్టింది. ఇంత ఉపన్యాసం ఇచ్చినదాన్ని, ఆ చుక్కలు ఒక్కొక్కటే పడుతుంటే నేనే ఎక్కువ వణికాను. ఒక నర్సమ్మ మాత్రం పక్కనుంచి కదలకుండా, బిడ్డ గుండె వింటూ, చుక్కలు ఒకసారి పెంచుతూ, ఒకసారి తగ్గిస్తూ కూర్చుంది.

శుక్రవారం పదకొండూ పదికి ఆడపిల్ల పుట్టింది. అప్పుడు నడుస్తున్నది రాహుకాలం! ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. బిడ్డ కేకకు వరండా దద్దరిల్లింది. అద్దాలపెట్టె అవసరం రాలేదు. తుడిచి, గుడ్డలో చుట్టి తెచ్చి నాయనమ్మ చేతుల్లో పెడితే, అది ఏడుపు మాని, ఇంతలేసి కళ్లు విప్పి, ఆవిడ మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూసింది.

"చూశారటండీ, మనందర్నీ ముందే ఎరిగున్నట్టు ఎలా చూస్తోందో!" అన్నారు వియ్యపురాలుగారు.

అది నారడ్రినలిన్ అని చెప్పబోయి, ఊరుకున్నాను.